పంతుళ్ల ఎమ్మెల్సీ చేతిలో ఏముంది?

2022 జనవరిలో పీఆర్సీ (వేతన సవరణ) జీవోలు వచ్చిన మర్నాడు కర్నూలు జిల్లాలోని మా హైస్కూల్ స్టాఫ్ రూములో ఎవరికీ టీ కూడా సహించలేదు. లెక్కల సార్ ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గీశారు. ఎడమ పక్క పాత జీతం, కుడి పక్క కొత్త జీతం. అందరం ఆయన భుజాల మీదుగా వంగి చూస్తున్నాం.

పాత మూలవేతనం 21,230. దానికి 2018 జూలై 1 నాటి డీఏ (కరువు భత్యం) 30.392 శాతం కలపాలి. పైన 23 శాతం ఫిట్‌మెంట్, అంటే పీఆర్సీలో ఇచ్చే పెంపు, కలపాలి. మొత్తం 32,565 రూపాయలొచ్చింది. స్కేలులో దాని పై మెట్టు 32,670. సెకండరీ గ్రేడ్ టీచర్ (పేరు అలా ఉన్నా ప్రాథమిక తరగతుల టీచరే) కొత్త స్కేలు అక్కడే మొదలవుతుంది. లెక్క సరిగ్గానే కుదిరింది, కాగితం చూస్తే జీతం బాగా పెరిగినట్టే ఉంది. కానీ 2019 జూలై నుంచి పాత మూలవేతనం మీద 27 శాతం మధ్యంతర భృతి (పీఆర్సీ వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక పెంపు) అందుకుంటున్నాం. అంటే 21,230 మీద నెలకు 5,732. ఫిట్‌మెంట్ 23 శాతం అంటే 4,883. ఇస్తామన్నది, అప్పటికే చేతికొస్తున్నదానికన్నా తక్కువ. దానికి తోడు ఇంటి అద్దె భత్యం శాతాలు కూడా తగ్గించారు. "రివర్స్ పీఆర్సీ" అనే మాట ఆ వారంలో ప్రతి స్టాఫ్ రూములోనూ పుట్టింది.

"ఎమ్మెల్సీ గారికి ఫోన్ చేద్దాం సార్, మన ఓట్లతో గెలిచినాయనే కదా" అన్నారు హిందీ మేడమ్.

"చేస్తే? ఆయనేం చేయగలడు మేడమ్?" అన్నారు లెక్కల సార్. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చదివి, పెద్దవాళ్లను అడిగి నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగుల జీతభత్యాల విషయంలో మనం ఎన్నుకునే సభ్యుడి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే, ఆయన్ని తిట్టాల్సిన చోట పొగుడుతాం, పొగడాల్సిన చోట తిడతాం.

ఓటు ఎవరికి ఉంది, ఎవరికి లేదు

రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసన మండలిలో పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయులవి, ఇంకో పన్నెండో వంతు పట్టభద్రులవి. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది సభ్యులు. అందులో ఉపాధ్యాయులకు 5, పట్టభద్రులకు 5. మన పశ్చిమ రాయలసీమకు, అంటే కడప, అనంతపురం, కర్నూలు పాత జిల్లాలకు కలిపి ఒక్కొక్కటి చొప్పున వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడిపోయినా 2023 ఎన్నిక పాత మూడు జిల్లాల లెక్కనే జరిగింది.

ఈ ఓటు మామూలు ఓటు కాదు. బటన్ నొక్కడం ఉండదు. ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేర్ల పక్కన 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయాలి. 2023 మార్చిలో మన ఉపాధ్యాయ సీటు 169 ఓట్ల తేడాతో తేలింది. అంటే ఓ నాలుగైదు పెద్ద హైస్కూళ్ల స్టాఫ్ అటు నుంచి ఇటు జరిగితే మారిపోయే ఫలితం. మన మాటకు ఎంత బరువుందో తెలియాలంటే ఈ ఒక్క అంకె చాలు.

అయితే ఇందులో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ఉపాధ్యాయ ఓటరు కావాలంటే గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థలో బోధించి ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950లో ఉన్న షరతు ఇది. ఆదోని అవతల పల్లెలో ఒక్కతే బడి నడుపుతూ, అక్షరం దిద్దించే దగ్గర్నుంచి మధ్యాహ్న భోజనం లెక్క రాసేదాకా చేసే ప్రాథమిక పాఠశాల టీచర్‌కు ఉపాధ్యాయ ఎమ్మెల్సీని ఎన్నుకునే హక్కు లేదు. డిగ్రీ ఉంటే పట్టభద్రుల సీటులో ఓటు వేయొచ్చు, అంతే. ఫిట్‌మెంట్ తగ్గితే అందరికంటే ముందు దెబ్బ తగిలేది ఆమెకే. ఆమె పేరున మాట్లాడేవాడిని ఎంచుకునే వీలు మాత్రం ఆమెకు లేదు.

డబ్బు మీద ఆయనకు ఓటు లేదు

ఇది చాలామందికి తెలియదు, ఓట్లు అడిగేటప్పుడు అభ్యర్థులు చెప్పరు కూడా. రాజ్యాంగం 198వ అధికరణ ప్రకారం ద్రవ్య బిల్లును (పన్నులు, ఖజానా ఖర్చుల బిల్లును) మండలిలో ప్రవేశపెట్టడానికి వీల్లేదు. అసెంబ్లీ పాసు చేసి పంపిన ద్రవ్య బిల్లును మండలి 14 రోజుల్లోగా సిఫార్సులతో తిప్పి పంపాలి. ఆ సిఫార్సులను అసెంబ్లీ తీసుకోవచ్చు, తోసేయొచ్చు. 203వ అధికరణ ఇంకా గట్టిది. శాఖలవారీ గ్రాంట్ల (ఏ శాఖకు ఎంత డబ్బన్న కేటాయింపుల) మీద ఓటింగ్ అసెంబ్లీలో మాత్రమే జరుగుతుంది. విద్యాశాఖ గ్రాంటులో మన జీతాలుంటాయి. దాని మీద ఓటేసే హక్కు ఎమ్మెల్యేలది, మనం ఎన్నుకున్న ఎమ్మెల్సీది కాదు.

పోనీ ఎమ్మెల్యే అయితే చేయగలడా? సాధారణ సభ్యుడిగా ఆయనా చేయలేడు. ఖజానా నుంచి ఖర్చు పెట్టించే బిల్లును గవర్నర్ సిఫార్సు లేకుండా పెట్టడానికి వీల్లేదు. గవర్నర్ సిఫార్సు అంటే మంత్రివర్గం నిర్ణయమే. అందుకే "నేను గెలిస్తే ఓపీఎస్ (పాత పెన్షన్) తెస్తాను" అని ఒక ఎమ్మెల్సీ అభ్యర్థి చెప్పాడంటే, తన చేతిలో లేనిదాన్ని పంచుతున్నాడని అర్థం.

మరి జీతం ఎక్కడ తేలుతుంది? 11వ పీఆర్సీనే చూడండి. 2018లో అశుతోష్ మిశ్రా కమిషన్ వేశారు. 2020 అక్టోబర్‌లో ఆయన నివేదిక ఇచ్చారు, 27 శాతం ఫిట్‌మెంట్ సిఫార్సు చేశారు. దాన్ని ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని అధికారుల కమిటీకి పంపారు. ఆ కమిటీ 14.29 శాతం చాలంది. 2022 జనవరి 7న ముఖ్యమంత్రి 23 శాతం ప్రకటించారు. ఈ మూడు అంకెల్లో ఏ ఒక్కటీ అసెంబ్లీలో గానీ మండలిలో గానీ ఓటింగుతో తేలింది కాదు. కమిషన్, కమిటీ, కేబినెట్, ఆఖరికి ఆర్థిక శాఖ జీవో. చట్టసభ తలుపు తట్టకుండానే లక్షల కుటుంబాల నెల ఖర్చు నిర్ణయమైపోయింది. కమిషన్ నివేదికను బయటపెట్టండి అన్నదే అప్పటి ఆందోళనలో ఒక ముఖ్యమైన డిమాండ్ అంటే చూడండి.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. శాసనసభ్యుల జీతాలు మాత్రం చట్టం ద్వారానే తేలాలని రాజ్యాంగం 195వ అధికరణ చెబుతుంది. మన రాష్ట్రంలో దానికున్న చట్టం 1953 నాటిది, కర్నూలు రాజధానిగా ఉన్న కాలపు చట్టం. తర్వాత అందులోనే పెన్షన్ చేరింది. వాళ్ల జీతం పెరగాలంటే సభలో బిల్లు పెట్టి పాసు చేసుకుంటారు. మన జీతం మారాలంటే ఒక జీవో చాలు. నిజానికి ఉద్యోగుల సర్వీసు షరతుల మీద కూడా చట్టం చేసే అధికారాన్ని 309వ అధికరణ శాసనసభకే ఇచ్చింది. చట్టం చేసేదాకా గవర్నర్ పేరున రూల్స్ పెట్టుకోవచ్చంది. ఆ "చేసేదాకా" అన్న వెసులుబాటులోనే చాలా సంగతులు ఏళ్ల తరబడి నడిచిపోతున్నాయి.

మండలి లేని రోజుల్లో

మన మండలి 1985లో రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది. మధ్యలో 22 ఏళ్లు ఉపాధ్యాయ ఎమ్మెల్సీ అనేవాడే లేడు. అయినా 1986, 1993, 1999, 2005 పీఆర్సీలు వచ్చాయి. సంఘాలు పోరాడి తెచ్చుకున్నాయి. కాబట్టి ఎమ్మెల్సీ లేకపోతే పీఆర్సీ రాదన్న మాట నిజం కాదు.

రెండో వైపు కూడా చూడాలి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, కంట్రిబ్యూటరీ పెన్షనే (సీపీఎస్) అన్న నిర్ణయం ఆ మండలి లేని రోజుల్లోనే వచ్చింది. 2004 సెప్టెంబర్ 22న జీవోలతో వచ్చింది. జీతంలో పది శాతం మనది, పది శాతం ప్రభుత్వానిది, కలిపి మార్కెట్లో పెడతారు, రిటైరైన నాటికి ఎంతవుతుందో ఎవరూ చెప్పరు. ఒక తరం ఉద్యోగుల ముసలితనాన్ని మార్చేసిన నిర్ణయం అది. ఆ రోజు ఉపాధ్యాయుల తరఫున లేచి "ఈ తేదీ ఎందుకు పెట్టారు? అప్పటికే నోటిఫికేషన్ ఇచ్చిన పోస్టుల సంగతేంటి?" అని అడగడానికి సభే లేదు. అడిగి ఉంటే నిర్ణయం ఆగేదని నేను అనను. ఆ తేదీ దగ్గర కొందరికి జరిగిన అన్యాయం మాత్రం అప్పుడే రికార్డుకెక్కేది.

ఆ అన్యాయం ఎలాంటిదో చెబుతాను. 2003 డీఎస్సీ నోటిఫికేషన్ నాటికి పాత పెన్షనే అమల్లో ఉంది. పాత పెన్షన్ ఉన్న ఉద్యోగమనే నమ్మి పరీక్ష రాసి ఎంపికైనవాళ్లు, నియామకాలు ఆలస్యమై 2004 సెప్టెంబర్ దాటాక బడిలో చేరారు. ఆలస్యం వాళ్లది కాదు. కానీ చేరిన తేదీ చూసి సీపీఎస్‌లో వేశారు. కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చిక్కునే తన ఉద్యోగులకు విప్పింది. 2003 డిసెంబర్ 22కు ముందు నోటిఫికేషన్ అయిన పోస్టుల్లో చేరినవాళ్లు పాత పెన్షన్ కోరుకోవచ్చని 2023 మార్చి 3న ఆదేశం ఇచ్చింది. మన టీచర్లు దాన్నే "మెమో 57" అంటారు. మా బడిలో ఒక సైన్స్ మేడమ్ ఆ కాగితం జిరాక్సు హ్యాండ్ బ్యాగులో పెట్టుకుని తిరుగుతారు. మడతల దగ్గర చిరిగిపోతే సెల్లోటేపు అంటించారు.

ఒక శాసనమండలి సభ్యుడు నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోట. ఖజానా మొత్తాన్ని కదిలించే కోరిక కాదిది, ఒక తేదీ గురించిన ప్రశ్న. ఎంతమంది ఉన్నారు, ఎంత ఖర్చవుతుంది, కేంద్రం ఇచ్చిన వెసులుబాటును రాష్ట్రం ఎందుకు ఇవ్వకూడదు? సమాధానం చెప్పక తప్పని ప్రశ్నలు ఇవి.

అడిగే తీరు

సభ్యుడి దగ్గరున్న అసలు ఆయుధం ప్రశ్న. నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. మంత్రి హామీ ఇస్తే అది సభ హామీల కమిటీ ముందుకు వెళ్తుంది, అమలైందా లేదా అని ఆ కమిటీ తర్వాత అడుగుతుంది. జీవోకు లేని బలం ఇక్కడ ఉంది. జీవో రాత్రికి రాత్రి మారొచ్చు, సభ రికార్డు మారదు.

కానీ అడిగే తీరుంటుంది. "డీఏలు ఎప్పుడిస్తారు?" అంటే "ప్రభుత్వ పరిశీలనలో ఉంది" అన్న జవాబు రెడీగా ఉంటుంది. ఆ జవాబుతో ఆరేళ్ల పదవీకాలం గడిచిపోతుంది. అదే 2024 జనవరి డీఏ సంగతి తీసుకోండి. అది ప్రకటించింది 2025 అక్టోబర్‌లో. 3.64 శాతం. 32,670 మూలవేతనం మీద నెలకు 1,189 రూపాయలు. ఇరవై ఒక్క నెలలకు దాదాపు 25 వేలు. ఇది కొత్త టీచర్ లెక్క, సీనియర్లది ఇంకా ఎక్కువ. అందుకని అడగాల్సింది ఇలా ఉండాలి: ఈ డీఏ ఫైలు ఆర్థిక శాఖకు ఏ తేదీన వచ్చింది? ఎన్నాళ్లు అక్కడుంది? బకాయి మొత్తం ఎన్ని కోట్లు? ఏ నెలలో, ఏ పద్దు కింద జమ చేస్తారు? తేదీ, పద్దు, మొత్తం అడిగితే "పరిశీలనలో ఉంది" అనడం కష్టం. ఏ ఎమ్మెల్సీ అయినా ఇలాంటి ప్రశ్న వేసి సమాధానం కాగితం బయటపెడితే, ఊరేగింపులో పట్టుకున్న బ్యానర్ కంటే దానికే నేను ఎక్కువ విలువిస్తాను.

మాట్లాడాల్సిన సమయం కూడా ముఖ్యం. పీఆర్సీ కమిషన్ సంఘాల వాదనలు వింటున్నప్పుడే మాట పడాలి. 12వ పీఆర్సీ 2023 జూలై 1 నుంచి రావాల్సింది. ఆ నెలలోనే ఒక విశ్రాంత ఐఏఎస్ అధికారిని కమిషనర్‌గా వేశారు. ప్రభుత్వం మారాక ఆయన తప్పుకున్నారు. అలా తప్పుకున్న రోజే సభ్యుడు లేచి నిలబడాలి. అంకెలన్నీ తేలిపోయి జీవో వచ్చాక మాట్లాడితే మిగిలేది రోడ్డే.

ఆ రోడ్డు సంగతి కూడా న్యాయంగా చెప్పుకోవాలి. 2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ. మన సీమ నుంచి వెళ్లినవాళ్లను దారి పొడవునా ఆపారు, అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. రెండు రోజుల తర్వాత మంత్రుల కమిటీ చర్చలకు కూర్చుంది. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. కానీ అద్దె భత్యం శ్లాబులు కొంత పెరిగాయి, ముందు తీసుకున్న మధ్యంతర భృతిని వెనక్కి రాబట్టే ఆలోచన పోయింది, పదేళ్లకోసారి అన్న పీఆర్సీ మళ్లీ ఐదేళ్లకు వచ్చింది. అద్దె భత్యం పూర్తిగా పాత స్థితికి రాలేదు. పాతవి 12, 14.5, 20, 30 శాతాలు, చివరికి తేలినవి 10, 12, 16, 24. 32,670 మీద 20 శాతమైతే 6,534, 16 శాతమైతే 5,227. కర్నూలు వెంకటరమణ కాలనీలోనో, అనంతపురం సాయినగర్‌లోనో అద్దెకుండేవాళ్లకు ఆ 1,300 తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక రాత్రి చర్చల్లో వచ్చిన ఈ మార్పులు వేల మంది రోడ్డు మీదికి రావడం వల్ల వచ్చాయి. సభలో ఇవి ముందే చర్చకొచ్చి ఉంటే ఆ ఎండలో నిలబడాల్సిన పని ఉండేది కాదని నా బాధ.

కోర్టు దారి మూడోది. 2020 మార్చిలో కరోనా పేరుతో జీతాలు, పెన్షన్లలో కొంత భాగం వాయిదా వేశారు. ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, జీతం పెన్షన్ ఉద్యోగికి న్యాయంగా రావాల్సినవని, ఆలస్యానికి 6 శాతం వడ్డీ కట్టాలని చెప్పింది. వాయిదా వేసిన జీతానికి కూడా వడ్డీ ఉంటుందని తేల్చిన తీర్పు ఇది. డీఏ బకాయిల మీద సభలో ప్రశ్న వేసేవాళ్లు దీన్ని చేతిలో పెట్టుకుని లేవాలి.

పెళ్లికార్డు జతచేసిన దరఖాస్తు

పీఆర్సీ, సీపీఎస్ పెద్ద మాటలు. మా రోజువారీ టెన్షన్ వేరేచోట ఉంటుంది. జిల్లా పరిషత్ బడుల్లో పనిచేసేవాళ్ల భవిష్య నిధి జడ్పీ దగ్గర ఉంటుంది, మనం జెడ్‌పీపీఎఫ్ అంటాం. జిల్లాలు విడిపోయినా జడ్పీలు పాతవే సాగాయి. ఆళ్లగడ్డ టీచర్ కొత్త జిల్లా నంద్యాల, పీఎఫ్ ఖాతా మాత్రం కర్నూలు జడ్పీ. హిందూపురం టీచర్ కొత్త జిల్లా శ్రీ సత్యసాయి, ఖాతా అనంతపురంలో.

మాతో పనిచేసిన ఒక సార్ కూతురి పెళ్లికి తన పీఎఫ్‌లోంచి డబ్బు అడిగారు. దరఖాస్తుకు పెళ్లికార్డు జతచేయాలి. కార్డు అచ్చయ్యేదాకా ఆగి, పసుపు రాసిన మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టి, రెండోది దరఖాస్తుకు పిన్ను కొట్టారు. మంజూరు ఉత్తర్వు త్వరగానే వచ్చింది. బిల్లు పెట్టారు. ఆన్‌లైన్‌లో చూస్తే "పెండింగ్" అని ఉంది. వారం తర్వాత కూడా అదే. ధర్మవరంలో చీరలు అప్పు మీద తెచ్చారు, కల్యాణ మండపానికి బావమరిది దగ్గర సర్దుకున్నారు. పెళ్లయింది, అమ్మాయి మొదటి పండక్కి వచ్చి వెళ్లింది, ఆ తర్వాత ఎప్పుడో డబ్బు పడింది. అది ఆయన సొంత డబ్బు. ముప్పై ఏళ్లు నెలనెలా తన జీతంలోంచి కోయించుకున్నది. వడ్డీకి తెచ్చుకున్న అప్పుకు వడ్డీ కట్టాక సార్ నాతో ఒకటే అన్నారు: "నా డబ్బు కోసం నేనే అడుక్కున్నట్టు అనిపించింది సార్."

ఇలాంటప్పుడు టీచర్లు ఎమ్మెల్సీకి ఫోన్ చేస్తారు, ఆయన ఆఫీసులో ఎవరికో చెబుతాడు, ఒక బిల్లు ముందుకు జరుగుతుంది. దాన్ని సాయమంటాం. సాయమే, కాదనను. కానీ వరుసలో ఒకరు ముందుకు జరిగితే ఇంకొకరు వెనక్కి పోతారు. మా సార్ బిల్లు కోసం నేనూ ఎవరినో అడగాలనుకున్నాను, అడిగి ఉంటే వేరే ఊళ్లో ఇంకో పెళ్లి తండ్రి ఇంకో వారం ఆగేవాడేమో. పీఎఫ్ బిల్లులు వచ్చిన వరుసలోనే చెల్లించాలని, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో నెలనెలా బయటపెట్టాలని సభలో అడిగి సాధిస్తే, అప్పుడు అది మూడు జిల్లాల టీచర్లకు చేసిన పని.

2023 సెప్టెంబర్‌లో గ్యారంటీడ్ పెన్షన్ బిల్లు సభకు వచ్చింది, చివరి మూలవేతనంలో సగం పెన్షన్ అని. జీవోలతో వచ్చిన సీపీఎస్ స్థానంలో చట్టంగా రావడం వల్ల ఈసారి మండలి సభ్యులకు మాట్లాడే అవకాశం, ఓటు రెండూ దక్కాయి. మన ప్రతినిధి ఎవరైనా ఆ రోజు ఏం మాట్లాడారో సభ రికార్డులో ఉంటుంది. చదివిన టీచర్లు ఎంతమంది? నేనూ చాలా ఆలస్యంగా చదవడం మొదలుపెట్టాను. ఎన్నికలప్పుడు ఇంటికొచ్చిన కరపత్రం కంటే ఆ పేజీలు ఎక్కువ చెబుతాయి.

మా లెక్కల సార్ ఆ జనవరి కాగితాన్ని పారేయలేదు. స్టాఫ్ రూము అల్మారాలో, హాజరు రిజిస్టర్ల కింద ఉంది. మొన్న తీసి వెనక వైపు కొత్తగా రాయడం మొదలుపెట్టారు. ఈసారి రూపాయలు రాయలేదు, తేదీలు రాశారు. ఫలానా డీఏ ఎప్పటిది, ఎప్పుడిచ్చారు. ఫలానా పీఎఫ్ బిల్లు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు పడింది. కింద సైన్స్ మేడమ్ తన చేరిన తేదీ, నోటిఫికేషన్ తేదీ పక్కపక్కన వేశారు. 2029లో ఓటు అడగడానికి వచ్చేవాళ్లకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, ముందు ఆ కాగితం చేతికిస్తామని సార్ అంటున్నారు. పక్క ఊరి ప్రాథమిక పాఠశాల మేడమ్ కూడా వచ్చి తన వరుస రాసి వెళ్లారు. ఆమెకు ఈ సీటులో ఓటు లేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు.